రాడ్ల బండి

గంగులు బండికి వెనక షాకబ్జర్లు ఉండేవి కావు. వాటి చోట రెండు ఇనప రాడ్లు బిగించి ఉండేవి. ఉద్దానం తీరంలో తెల్లారకముందే తెప్పల దగ్గర చేపలు ఎత్తుకుని, ఐసు పెట్టెలు వెనక కట్టుకుని, పాతపట్నం దాకా ఊరూరా అమ్ముకొచ్చే మనిషతను. మొదట్లో ఉన్న స్ప్రింగుల మీద అంత బరువు పెడితే బండి కూలబడిపోయేది. టైరు మడ్‌గార్డుకి రాసుకునేది. మలుపులో పెట్టెలు ఒక పక్కకి ఊగి మనిషిని కూడా లాక్కుపోయేవి. జతల మీద జతలు మార్చి విసిగిపోయి, చివరికి మెకానిక్కు జగన్నాధం చేత వాటిని పీకించి రాడ్లు వేయించాడు.

ఆ రోజు నుంచి బండి అతని మాట వింది. ఎంత పెడితే అంత మోసేది, మలుపులో కుదురుగా ఉండేది. మిగతా చేపల బేరగాళ్లు వచ్చి చూసి వాళ్లూ వేయించుకున్నారు. అలాగని సుఖమేమీ కాదు. చక్రం చువ్వలు విరిగేవి, క్యారేజీ వెల్డింగు ఊడేది, సాయంత్రానికి నడుం పట్టేసేది. కానీ గొయ్యి కనబడగానే కాళ్ల మీద కాస్త పైకి లేవడం అతనికి అలవాటైపోయింది. ఇక చేపల సంగతంటారా, "సచ్చిన సేపకి నడుం నొప్పేటి?" అని నవ్వేవాడు. నవ్వినంత కాలం బాగానే నడిచింది.

తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది అతని భార్య నీలవేణికి కిడ్నీలు పోయాయని తేలింది. ఆ జబ్బు తొంగిచూడని వీధి ఆ చుట్టుపక్కల లేదు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. వారానికి రెండుసార్లు పట్నం వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలన్నారు, మానేస్తే ప్రాణం మీదికి వస్తుందన్నారు. బస్సు వాళ్ల ఊళ్లోకి రాదు. షేరాటోలో ఒకసారి వాంతి చేసుకుంటే దారి మధ్యలో దింపేశారు. దాంతో చేపలు అమ్ముకొచ్చాక పెట్టెలు దించి, సీటు కడిగి, గంగులే ఆమెను ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. సూదులు గుచ్చిన చేత్తో ఆమె దేన్నీ గట్టిగా పట్టుకోకూడదు. పాత దుప్పటి మడతపెట్టి కింద వేసుకుని, రెండో చేత్తో సీటు అంచు పట్టుకుని కూర్చునేది. ఒక్క మాట అనేది కాదు.

కొన్నాళ్లకి ఇక రానంది. ఎందుకే అంటే సూదంటే భయమంది. గంగులు బతిమాలాడు, తిట్టాడు, అమ్మవారికి కోడిని మొక్కాడు. సముద్రంలోకి తెప్ప తోసేవాళ్ల ఇంట పుట్టి సూదికి జడుస్తోందని ఊళ్లోనూ చెప్పాడు, ఆసుపత్రిలో నర్సుకీ చెప్పాడు. చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు. ఈలోగా ఆమె కాళ్లు పొంగాయి. పడుకుంటే ఊపిరాడక గోడకి చేరగిలబడి నిద్రపోయేది. నచ్చజెప్పడానికి కొత్తవలస నుంచి ఆమె తమ్ముడు శివాజీ వచ్చాడు. వాడి మాటా వినలేదు.

ఆ మర్నాడే చేపలు ఏరుతుంటే గంగులు కుడి చేతిలో జెల్ల చేప విషపు ముల్లు దిగింది. చెయ్యి మోచేతి దాకా పొంగిపోయింది. ఇంజక్షను చేయిద్దామని శివాజీ బండి తీశాడు, గంగులు వెనక కూర్చున్నాడు. రాడ్లు బిగించినప్పటి నుంచి ఆ బండి మీద అతను వెనక కూర్చోవడం అదే మొదలు.

బావమరిది వీపు అడ్డం, ముందు ఏముందో కనబడదు. గొయ్యి వచ్చాకగాని వచ్చిందని తెలియదు. పట్టుకోవడానికి ఒక్క చెయ్యే ఉంది. మొదటి దెబ్బకి నాలుక కొరుక్కున్నాడు. రెండో దెబ్బ నడుంలో దిగి మెడ దాకా పాకింది.

"మెల్లగా పోనీరా," అన్నాడు.

"మెల్లగానే ఎల్తన్నాను బావా," అన్నాడు శివాజీ.

మోసేవాడికే తెలుసు కావడి బరువు అంటారు. కావడిలో కూర్చున్నవాళ్ల గురించి సామెత చెప్పినవాడికి ఏం తెలుసు! గంగులు బండి ఆపించి, దిగి, రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాడు. ముల్లు పోటు కాబోలనుకున్నాడు శివాజీ.

ఇంటికి రాగానే, రానంటున్నది సూదికా, ఈ బండి కుదుపులకా అని భార్యను అడిగేశాడు.

"సెప్తే నువ్వు రాడ్లు తీయించెస్తావు," అంది ఆమె. "తీయించెస్తే సేపలెలగ మోస్తావు మావా? ఇద్దరం ఇంట్లో కూకుని సత్తామా?"

అప్పటికప్పుడు ఆటో మాట్లాడి తీసుకుపోదామన్నాడు శివాజీ. గంగులు ఒప్పుకోలేదు. ఏ బండైతే ఆమెను అంత బాధపెట్టిందో అదే బండి మీద సుఖంగా తీసుకెళ్లి తీరాలని పంతం పట్టాడు. ప్రేమే, కాదనను. కానీ పాడు ప్రేమ. మధ్యాహ్నమంతా జగన్నాధం షెడ్డులో కూర్చుని రాడ్లు ఊడదీయించి కొత్త స్ప్రింగులు వేయించాడు. అవి అయ్యేసరికి చీకటి పడింది. పొద్దున్నే వెళ్దామనుకున్నారు.

పొద్దున శివాజీ బండి నడిపాడు. ఆమె మధ్యలో, గంగులు అందరికంటే వెనక. బాగులేని చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో ఆమెను పొదివి పట్టుకున్నాడు. గోతుల్లో బండి మెత్తగా దిగి మెత్తగా లేచింది. "ఇప్పుడు బాగున్నాది," అంది ఆమె, తల వెనక్కి వాల్చి అతని గుండె మీద పెట్టి. అతని కడుపు నిండిపోయింది. ఆమె ఊపిరి ఎంత పొట్టిగా ఆడుతోందో ఆ సంతోషంలో అతను పట్టించుకోలేదు.

ఆసుపత్రిలో మంచం మీదకి ఎక్కించి మిషను సిద్ధం చేస్తుండగానే ఆమె గుండె ఆగిపోయింది. ఊపిరితిత్తుల నిండా నీరు చేరిందని, నిన్న తెచ్చినా ఏమైనా చేసి ఉండేవాళ్లమని డాక్టరు అన్నాడు. ఎప్పుడూ ఆమెకు సూది గుచ్చే నర్సు కళ్లు తుడుచుకుంటూ, ఇంత చిన్న సూదికి భయపడి నిండు ప్రాణం తీసుకుందని వాపోయింది. ఆ మాట నర్సుకి నేర్పింది గంగులే.

అతను భార్య కాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చి నర్సు ముందు నిలబడ్డాడు.

"దానికి సూదంటే బయం నేదమ్మా," అన్నాడు. "నా బండెనకాల కూకోనేకపోనాది."