అక్టోబరు సముద్రం

2023 ఆగస్టు 14. యూఏఈలోని ఖోర్ ఫక్కాన్ నుంచి షార్జాలో మా అమ్మాయి ఇంటికి వెళ్లే బస్సు. ఉన్నవారు: నేను, నా భార్య, పక్క సీట్లో నెల్లూరు వైపు మనిషి ఒకాయన.

సముద్రస్నానం మా ఆవిడ ముచ్చట. అందుకని తుర్కియే (టర్కీ) తీరంలోని అంటాల్యాకు అక్టోబరు టికెట్లు తీసుకున్నాం. అక్కడి వాతావరణాన్ని నెలవారీగా డైరీలో రాసుకుంటుంటే ఆయన తొంగి చూశాడు.

"జనవరంతా వాన సార్. ఏప్రిల్లో నారింజ పూల వాసన. జులైలో మన దుబాయ్ మాదిరే మాడిపోద్ది. అక్టోబర్లో నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. దిగబాకండి."

"మీరు వెళ్లారా?"

"నేను పోలా. మా తమ్ముడు ఆడ హోటల్లో వంటోడు. ఫోన్ చేస్తే ముందు ఎండావానా సంగతే చెప్తాడు. పోయిన అక్టోబర్లో ఈతకి దిగి, మునిగి చచ్చిపోయినాడు."

"అయ్యో!" అంది మా ఆవిడ.

"ఇప్పటికీ చెప్తానే ఉండాడమ్మా" అంటూ వెనక మూత ఊడి, బ్యాటరీ కూడా లేని పాత ఫోను చెవికి ఆనించుకున్నాడు. కాసేపు విన్నాడు. "రేపు పొద్దున షార్జాలో వానంట."

"ఆగస్టులో వానేంటయ్యా!" అని నవ్వాను. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఉదయం అమ్మాయి ఇంటి బాల్కనీలో ఆరేసిన బట్టలు వానకు తడిసిపోయాయి. నేను డైరీలో 'వాన' అని రాస్తుంటే, టికెట్లు మే నెలకు మార్పించమంది మా ఆవిడ. డైరీలో 'అక్టోబరు' కొట్టేశాను.