జాబితాలో పెద్దక్క పేరు

ఆఫీసు నాలుగో అంతస్తులో కిటికీ పక్క కుర్చీ పందొమ్మిదేళ్లుగా ఒక్కావిడదే. అందరూ ఆవిడను పెద్దక్క అంటారు, ఆవిడకన్నా రెండేళ్లు పెద్దవాడైన మేనేజరుతో సహా. సముద్రాల అవతల ఒక పింఛన్ల కంపెనీ ఉంది. పింఛను తీసుకునే ముసలివాళ్లందరికీ నెల మొదటి రోజున అది ఉత్తరాలు పంపుతుంది. ‘మీరు బతికే ఉన్నట్టు సంతకం చేసి తిప్పి పంపండి’ అన్నది వాటి సారాంశం. ఆ ఉత్తరాలు పంపే ప్రోగ్రామును కనిపెట్టుకుని ఉండటమే పెద్దక్క ఉద్యోగం. ఆ ఊళ్ల మొహం ఎప్పుడూ చూడలేదు గానీ, ఊరూరి నుంచి నెలనెలా వచ్చే చావుల జాబితాల వల్ల అక్కడ ఏ నెలలో ఎవరు పోయారో మాత్రం ఆవిడకు తెలుసు.

ఇప్పుడు ఆ పని యంత్రానికి పోతోంది. మేనేజరు మీటింగు పెట్టి చల్లగా చెప్పాడు.

“ఎనిమిది వారాలు టైముంది. మీకు తెలిసిందంతా దానికి చెప్పేయండి. తర్వాత మీకు ఇంకో ప్రాజెక్టు చూద్దాం.”

ఆఫీసుల్లో ‘చూద్దాం’ అనే మాటకు అర్థమేమిటో అక్కడున్న అందరికీ తెలుసు. పెద్దక్కకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. పన్ను పీకే ముందు చిగుళ్లకు ఇచ్చే సూది మందు ఒళ్లంతా పాకినట్టు అనిపించింది, అంతే. కుర్చీలోకి వచ్చి కూర్చుని, ఎప్పటిలాగే టీ చల్లారబెట్టుకుని తాగింది.

ఆ యంత్రానికి టీములో కుర్రకారు ‘కొత్తల్లుడు’ అని పేరు పెట్టారు. అడిగిందల్లా ఇవ్వాలి, ఎదురు చెప్పకూడదు, పైగా నవ్వుతూ ఉండాలి. తెర మీద గడిలో అది ప్రశ్న వేస్తుంది, ఈవిడ జవాబు కొడుతుంది, అది ఇంకో ప్రశ్న వేస్తుంది. విసుగనేది లేదు, ఓ అరగంట ఆగుదామన్న మర్యాదా లేదు. రోజూ సాయంత్రం మాత్రం మరిచిపోకుండా అడుగుతుంది, “ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?” అని.

“లేదు” అని కొట్టి పెద్దక్క ఇంటికి పోయేది. అది అబద్ధం. ఒక్కటి ఉంది.

ఆ ఒక్కటీ ఆవిడకు వచ్చింది పెద్దాయన దగ్గర్నించి. పందొమ్మిదేళ్ల కిందట ఈ పని ఆ దేశంలోనే ఉండేది, చేసేవాడు ఆయన. ఆయన చేత మూడు నెలలు హెడ్‌ఫోన్లో పాఠం చెప్పించి, పని ఇక్కడికి తెచ్చి, ఆయన్ను ఇంటికి పంపేశారు. ఆఖరి రోజు ఆయన “అంతా చెప్పేశానమ్మా” అన్నాడు. మరుసటి నెలే, ఆ నెలలో పోయినవాళ్లందరికీ మీరు బతికే ఉన్నారా అంటూ ఉత్తరాలు వెళ్లాయి. కంపెనీ మండిపడింది. పెద్దక్క దిక్కు తోచక పెద్దాయన ఇంటికి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

“మా చిన్న ఊరి చావుల జాబితా ఖాళీగా వచ్చుంటుంది. ఆ ఊళ్లో ఎవరూ పోని నెల అట్లాగే వస్తుంది. ఒక్క జాబితా ఖాళీగా ఉన్నా ప్రోగ్రాము బెదిరిపోయి, అన్ని ఊళ్ల చావులూ పక్కన పెట్టేస్తుందమ్మా. అందుకే ప్రతి నెలా ఆ జాబితాలో ఉత్తుత్తి పేరొకటి చేత్తో రాయాలి. నేను నా పేరే రాసేవాణ్ణి. వేరేవాళ్లను చంపడానికి మనసొప్పదు కదా.”

“మరి ముందే ఎందుకు చెప్పలేదండీ?”

“చెప్తే నాకు ఫోనెవరు చేస్తారమ్మా?” అన్నాడు.

అప్పుడు ఆవిడకు ఇరవయ్యేడేళ్లు. ముసలాయన కుళ్లు అనుకుంది. ఆయన పేరు తీసేసి తన పేరు పెట్టింది. అప్పట్నించీ నెలకోసారి తనను తాను చంపుకుంటూనే వచ్చింది, మధ్యాహ్నం భోజనానికి లేచే ముందు. ప్రోగ్రామును బాగు చేద్దామని రెండుసార్లు అడిగితే, నడుస్తున్నదాన్ని కెలకొద్దన్నారు. పెద్దాయనకు మాత్రం మళ్లీ ఫోన్ చేయలేదు. పనేముందని చేస్తుంది?

నాలుగేళ్ల కిందట ఒక నెల, ఆ చిన్న ఊరి జాబితాలో ఆయన పేరు కనిపించింది. పాత లైను ఎక్కడినుంచో మళ్లీ వచ్చిపడిందనుకుంది పెద్దక్క. ఇంకెవరైనా అయితే నిజమనే అనుకునేవారు. ఈవిడ ఒక్కర్తికే ఆయన అందులో ఉత్తుత్తిగా ఉండటం అలవాటు. తీసేసింది. ఇరవై రోజులకు, ఆయన పేరు మీద వెళ్లిన ఉత్తరం తిరిగొచ్చింది. సంతకం చేయాల్సిన చోట ఆయన భార్య వంకర అక్షరాలతో రాసింది: ‘ఆయన పోయారు. నెల మొదటి రోజున ఫోన్ పక్కనే కూర్చునేవారు. ఎవరి కోసమో మీకేమైనా తెలుసా?’

పెద్దక్క దాన్ని ‘సరిచేయబడింది’ అనే ఫోల్డరులో వేసింది. ఆ రోజూ ఏడవలేదు.

ఎనిమిదో వారం ఇంట్లో భర్త కంచం ముందు కూర్చుని సలహా ఇచ్చాడు. “ఆ ఒక్కటీ చెప్పకు. నెల తిరిగేసరికి చచ్చినట్టు వాళ్లే పిలుస్తారు, చూస్తుండు.”

“పిలుస్తారు. ఈలోపు ఎన్నిళ్లకు ఆ ఉత్తరాలు పోతాయో?”

“నీకెందుకే? నిన్ను వద్దన్నవాళ్ల గొడవ నీకెందుకు?”

నిజమే, తనకెందుకు? ఆఖరి సాయంత్రం కొత్తల్లుడు “ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?” అని అడిగేదాకా, చెప్తుందో లేదో ఆవిడకూ తెలియదు. చేతులు వాటంతటవే కొట్టేశాయి. ఖాళీ జాబితా, ఉత్తుత్తి పేరు, అన్నీ. పెద్దాయన సంగతి కొట్టలేదు. అది అడగలేదు కూడా.

“అర్థమైంది. ఖాళీ జాబితాను ఇకపై నేనే గుర్తిస్తాను. ఆ లైనులో ఉన్న పేరు నిజమైన వ్యక్తిదేనా?”

పెద్దక్క తెర మీద తన పేరు వైపు చూసింది. ఇంటిపేరుతో సహా తప్పుల్లేకుండా ఉంది.

“కాదు.”

“తొలగించమంటారా?”

“తీసెయ్.”

“ధన్యవాదాలు. ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?”

“లేదు” అని కొట్టింది. ఈసారి నిజమే.

తర్వాతి నెల మొదటి రోజున భర్త తన కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లిపోయాడు. మేనేజరు ఇంకా ‘చూస్తూనే’ ఉన్నాడు. పెద్దక్క ఉతికిన బట్టలు మడతపెట్టి, ఫోన్ తెచ్చి పక్కన పెట్టుకుని కూర్చుంది. పదకొండింటికి అనుమానం వచ్చి, ఇంట్లో పడి ఉన్న పాత ఫోన్‌తో దానికి రింగిచ్చి చూసింది. బాగానే మోగింది.

ఉత్తరాలు వెళ్లే వేళ దాటింది. భోజనాల వేళా దాటింది. ఫోన్ రాలేదు. అక్కడ అంతా సవ్యంగా జరిగిపోయిందని ఆవిడకు అట్లా తెలిసింది. అయినా, చీకటి పడేదాకా అక్కడినుంచి లేవలేదు.