రెండు మూలమట్టాలు

తలుపులు తిరిగొచ్చాయి. మిల్లు నుంచి వచ్చిన ఎడ్లబండి షెడ్డు ముందు ఆగేసరికి రాధమ్మ మొగుడికి గంజి తాగిస్తోంది. గ్లాసు కింద పెట్టి, కొంగుతో ఆయన గడ్డం తుడిచి బయటికొచ్చింది. బండి నిండా తను పంపిన తలుపులే.

"జగన్మోహన్ సేటు వాపస్ పంపిండమ్మా," అన్నాడు బండివాడు. "ఒక్కటి గూడ మూత పడ్తలేదంట. పైన తగిలితే కింద సందు, కింద తగిలితే పైన సందు. పదిహేను రోజులల్ల సక్కగ చేసిస్తే సరే, లేకుంటే వేరేటోళ్లకు ఇస్తడంట."

రాధమ్మ తలుపులు దింపించుకుంది. వాటిని షెడ్డు గోడకు ఆనించి పెట్టడానికే ఆమెకూ పనివాడు యాదగిరికీ మధ్యాహ్నం దాటింది.

అది 1971 ఎండాకాలం. సాగర్ నీళ్లు వచ్చిన దగ్గర్నుంచీ మిర్యాలగూడ చుట్టూ వరి పెరిగింది, వరితో పాటు రైసు మిల్లులు పెరిగాయి. మిల్లులకు తలుపులు, కిటికీలు, మెట్లు, బల్లలు, అన్నీ కర్రతోనే కావాలి. రాధమ్మ భర్త రామనర్సయ్య ఊళ్లో పేరున్న వడ్రంగి మేస్త్రీ. చేతి రంపంతో, కర్ర నునుపు చేసే చేతి రందతో ఇన్ని పనులు అందుకోలేమని, హైదరాబాదులో మూసేసిన ఒక కార్ఖానా నుంచి పాత రంపం మిషను తెచ్చుకున్నాడు. ఇనుప బల్ల, దాని నడుమ నుంచి పైకి లేచే గుండ్రటి రంపం, కరెంటు మోటారు. దాన్ని షెడ్డులో బిగించే రోజున, రంపం బల్లకు నిటారుగా ఉందో లేదో చూస్తూ చూస్తూ, పిడికి నిలువుగా రేకు బిగించి మూల సరిచూసుకునే మూలమట్టం చేతిలో ఉండగానే కూలిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. హైదరాబాదు పెద్ద దవాఖానలో వర్షాకాలమంతా ఉండి వచ్చాక మాట కొంచెం తిరిగింది గాని, అది రాధమ్మకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

మిగిలిన బిగింపు పనిని యాదగిరి పూర్తి చేశాడు. మోతె నుంచి వచ్చి చాలా ఏళ్లుగా వాళ్ల దగ్గరే పని చేస్తున్నవాడు, నమ్మకస్తుడు. ఆ మిషను మీద కోసిన మొదటి పనే ఈ తలుపులు.

"కర్ర ఎండలేదేమో అక్కా," అన్నాడు యాదగిరి తలుపుల వంక చూస్తూ.

"కర్ర మంచిదే. మూలమట్టం తే."

రామనర్సయ్యకు రాధమ్మ ఇరవై ఏళ్లుగా, కర్ర మీద గీత కొట్టే తాడుకు రెండో కొస పట్టింది. ఆయన మూలమట్టాన్ని ఎట్లా పరీక్షించేవాడో ఆమె చూసి చూసి ఉంది. అంచు తిన్నగా తీసిన పలక ఒకటి తెచ్చి, మూలమట్టం పిడిని ఆ అంచుకు ఆనించి, రేకు పక్కన పెన్సిలుతో గీత గీసింది. తర్వాత దాన్ని బోర్లా తిప్పి, అదే చోట మళ్లీ గీసింది. మూలమట్టం నిఖార్సైనదైతే రెండు గీతలూ ఒకటే కావాలి. ఇవి కింద కలిసి, పైకి పోయేకొద్దీ కత్తెర తెరిచినట్టు విడిపోయాయి.

యాదగిరి గీతల మీద వేలు పెట్టి చూశాడు. "మేస్త్రీ పడ్డనాడు ఇది ఇనుప బల్ల మీద పడ్డది. నేను సూసుకోలే అక్కా."

"నేను మాత్రం సూసిన్నా? ఆనాడు మనం సూసేది ఆయన్ను."

ఊళ్లో ఇద్దరు వడ్రంగుల దగ్గర మూలమట్టాలు అడిగి తెచ్చారు. రెండూ ఎంతో కొంత తప్పే. చేత్తో పని చేసేవాళ్లకు అది తెలియదు. రంద పట్టేటప్పుడు కన్ను చూసి సర్దుకుంటుంది. మిషను మాత్రం ఒకసారి తప్పు బిగిస్తే కోసిన ప్రతి ముక్కనూ అదే తప్పుతో కోస్తుంది. కొత్తది కొనక తప్పదని రాధమ్మకు అర్థమైంది. ఏది పడితే అది కొనకూడదని కూడా అర్థమైంది.

మర్నాడు మొగుడికి స్నానం చేయించి, యాదగిరిని కాపలా ఉంచి, పలకను గుడ్డలో చుట్టుకుని కోదాడ బస్సెక్కింది. అక్కడి ఇనుప సామాన్ల దుకాణంలో ఉన్న మూలమట్టాలన్నీ బయట పెట్టించి, ఒక్కొక్కటే పలక మీద తిప్పి తిప్పి గీయడం మొదలుపెట్టింది. దుకాణం ఆయన కాసేపు ఓపిక పట్టాడు.

"ఏంటమ్మా ఇది? అన్నీ కంపెనీ సరుకే. నీ పలకే వంకరేమో చూసుకో."

"పలక వంకరైతే అన్నీ ఒక్క తీరుగ తప్పు రావాలె గదయ్యా. ఒక్కోటి ఒక్కో తీరుగ వస్తున్నయి."

"ఎవరి కోసం ఇదంతా? మేస్త్రీని పంపించొచ్చుగా."

"మేస్త్రీ మంచంల ఉన్నడు," అంది రాధమ్మ తల ఎత్తకుండా.

ఆయన లోపలి నుంచి ఇంకో పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. అందులో ఒకటి దొరికింది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. కళ్లు చికిలించి చూసినా తేడా లేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కాళ్లు కడుక్కోకుండానే మంచం దగ్గరికి వెళ్లి, మూలమట్టాన్ని, ఆయన మునుపు చేత్తో మూల తీసి ఉంచుకున్న చెక్కకు ఆనించి వెలుతురుకు అడ్డం పట్టింది. సందులోంచి వెలుగు కనబడితే తప్పు ఉన్నట్టు. రామనర్సయ్య దాని వైపు మొహం తిప్పాడు. తల అడ్డంగా ఊపాడు.

"కాదా? మంచిగ సూడు."

మళ్లీ అడ్డంగానే.

ముప్పై ఏళ్లు మూలలు చూసిన కన్ను అది. తన కంటికి అందని వెంట్రుకవాసి తేడా ఏదో ఆయనకు కనబడి ఉంటుందనుకుంది. ఆ పూట అన్నం వండే ఓపిక లేక ఇద్దరూ గంజే తాగారు.

రెండు రోజులు ఆగి సూర్యాపేట పోయింది. వెంకటనారాయణ సేటు దుకాణం పాతది. రామనర్సయ్య పేరు చెబితే ఆయనకు తెలుసు. స్టూలు వేసి కూర్చోబెట్టాడు, మంచినీళ్లిచ్చాడు.

"రేకు, పిడి ఒక్కటే ఇనుముతోని ఉన్నది తీస్కో రాధమ్మా. కర్ర పిడిది వానకు ఉబ్బుతది. లోపలి మూల గూడ సూడు. బయట మంచిగుండి లోపల తప్పున్నయి శాన వస్తయి."

ఆమె లోపలా బయటా చూసింది. దుకాణంలో ఉన్నవాటిలో ఒక్కటే అన్ని పరీక్షలకూ నిలబడింది. దాన్ని కొనుక్కుని బస్సెక్కితే బస్సు దారిలో ఆగిపోయింది. చెట్టు నీడ లేని చోట, రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కూర్చుంది. పక్కన కూర్చున్న ముసలామె, "ఏందమ్మా ఆ పలక, ఎటు పోతవ్?" అని అడిగితే పలకను ఒళ్లోకి లాక్కుని కొంగు తల మీద కప్పుకుంది. తలనొప్పితో ఇల్లు చేరింది.

రామనర్సయ్య మళ్లీ తల అడ్డంగా ఊపాడు.

రాధమ్మ ఆ రాత్రి అట్లాగే పడుకుంది. తెల్లారి లేచి, కోదాడది, సూర్యాపేటది రెండూ తీసుకుంది. పలక అంచుకు రెండింటి పిడులూ ఆనించి, ఎదురెదురుగా జరిపింది. రెండు రేకులూ పైనుంచి కింది దాకా ఒకదానికొకటి అంటుకున్నాయి. ఎండకు పట్టి చూసింది. ఎక్కడా వెలుగు రాలేదు. అంటే రెండూ మంచివే. మొదట తెచ్చిందే మంచిది. సూర్యాపేట పోయిందంతా ఊరికే.

రెండూ పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. వాటిని ఇంకా పైకి ఎత్తకముందే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆయన కళ్లు మూలమట్టాల మీద లేవు. గుమ్మంలోంచి కనబడే షెడ్డులో, మిషను మీద ఉన్నాయి.

"సూడకుండనే వద్దంటున్నవ్," అంది రాధమ్మ.

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"మొన్న గూడ సూడలే. ఎందుకు? నన్నెందుకు తిప్పిస్తున్నవ్?"

ఆయన నోరు కదిలింది. "అది... కుదిరితే... ఇగ నేను... ఎందుకు?"

ఇంకో రోజైతే రాధమ్మ కూర్చుని ఆయన చెయ్యి పట్టుకునేదేమో. ఆ పొద్దు ఆమె దగ్గర అంత ఓర్పు లేదు. నడుము పట్టేసింది, పాదాలు పొంగి ఉన్నాయి, గోడకు తలుపులు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి.

"నాకు నిన్ను ఊకోబెట్టే ఓపిక లేదయ్యా," అంది. "నువ్వెందుకో నాక్కూడ తెల్వదు. నేనెందుకో గూడ తెల్వదు. సేటు ఇచ్చిన గడువు దగ్గర పడ్తున్నది. ఇయ్యాల మిషను బిగిస్తం. నువ్వు గాడ కూసుంటనంటే మంచం గుంజుతం. లేదంటే గీడనే పండుకో."

ఆయన ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకున్నాడు. యాదగిరి, ఆమె కలిసి మంచాన్ని షెడ్డు గుమ్మం దాకా లాగారు. నువ్వెందుకో తెల్వదన్నందుకు ఆమెకు లోపల బరువుగానే ఉంది. కాని వెనక్కి తీసుకోలేదు.

బోల్టులు వదులు చేశారు. సూర్యాపేట మూలమట్టాన్ని ఇనుప బల్ల మీద నిలబెట్టి, రేకును రంపానికి ఆనించాడు యాదగిరి. సందు కనబడింది. రంపాన్ని అటు జరిపాడు, ఇటు జరిపాడు. చెమటలు కారుతున్నాయి. చివరికి సందు పోయింది.

"వచ్చిందక్కా. బిగియ్యనా?"

మంచం మీంచి కేక వినబడింది. "పన్ను! పన్ను!"

రాధమ్మ పరుగెత్తింది. "పన్ను నొస్తున్నదా? ఏ పన్ను?" అని ఆయన నోరు తెరిచి చూడబోయింది. ఆయన కోపంతో ఎడమ చేత్తో ఆమెను పక్కకు నెట్టాడు. వేలు మిషను వైపు చూపించాడు. "దాని... పన్ను!"

యాదగిరి వంగి చూశాడు. రంపం పళ్లు ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ వంగి ఉంటాయి. తను రేకును ఆనించింది అట్లా బయటికి వంగిన ఒక పంటికి. పన్ను నిటారుగా వచ్చిందే తప్ప రంపం రాలేదు. మూలమట్టం ఎంత మంచిదైనా, ఆనించిన చోటు తప్పు.

"అవునక్కా," అన్నాడు యాదగిరి చిన్నగా. "పండ్ల నడుమ పెట్టాలె."

రాధమ్మకు నవ్వొచ్చింది. చాలా నెలల తర్వాత వచ్చిన నవ్వు, దగ్గులాగా వచ్చింది. రామనర్సయ్య నవ్వలేదు. ఆయనకు ఇంకా కోపంగానే ఉంది. "కింద... మీద... రెండు," అన్నాడు. అంటే రంపాన్ని కింద ఒకసారి, పైన ఒకసారి చూడమని. చూశారు. మళ్లీ మొదటినుంచీ జరిపారు. సాయంత్రానికి బోల్టులు బిగిశాయి. ఒక ముక్క కోసి, దాని మూలను కోదాడ మూలమట్టంతో చూస్తే వెలుగు రాలేదు.

తలుపులు విప్పి, అంచులు కోసి, మళ్లీ బిగించి గడువులోపల పంపించారు. జగన్మోహన్ సేటు ఏమీ కబురు చేయలేదు. బండి ఖాళీగా తిరిగొచ్చింది, అంతే. తర్వాత కిటికీల పని కూడా వాళ్లకే ఇచ్చాడు.

దానితో వాళ్ల కష్టాలు తీరలేదు. కరెంటు పోయేది, మోటారు కాలిపోయేది, ఆయనకు చలికాలంలో జ్వరాలు వచ్చేవి. అయినా రామనర్సయ్య ఇంకా ఆరేళ్లు బతికాడు, మిషను ఆ ఆరేళ్లూ నడిచింది. రోజూ పొద్దున మోటారు వేసే ముందు ఆయన్ను మిషను పక్కన కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఎడమ చేత్తో మూలమట్టం పట్టుకుని, బల్ల మీద దాన్ని నిలబెట్టడానికే ఆయనకు చాలాసేపు పట్టేది. జారిపోతే మళ్లీ. యాదగిరి విసుగును దాచుకోలేక బయటికి పోయి బీడీ ముట్టించుకునేవాడు.

"రోజూ ఎందుకక్కా? మొన్న బిగించిందే గద. ఎటు పోతది?" అని ఒకనాడు అడిగాడు.

"ఎటూ పోదు," అంది రాధమ్మ, గడప మీద కూర్చుని మడమలు ఒత్తుకుంటూ. "ఆయన సూసేదాంక నేను గింత కూసుంటున్న గద. కూసోనియ్యి."