బాత్‌రూమ్‌లో దాణా సంచి

ఇంట్లో ఎక్కడైనా తడో ఉక్కో ఉన్న చోటు కనిపిస్తే చాలు, దాణా డాక్టరుగారు అక్కడ ఒక పశువుల దాణా సంచి పెట్టేవారు. వీధిలో అలా పిలుస్తారు గానీ ఆయన డాక్టరేం కాదు, దాణా ఫ్యాక్టరీలో కెమిస్టు. దాణాకు బూజు పట్టకుండా కలిపే మందు ఎన్నాళ్లు పనిచేస్తుందో చూడటం ఆయన ఉద్యోగం. ఆ చూసేదేదో ఫ్యాక్టరీలోనే చూసి ఉంటే ఆయన భార్యకు ఇన్ని తిప్పలు ఉండేవి కావు.

పొయ్యి పైన అటక మీద ఒక సంచి. మెట్ల కింద చెప్పుల మధ్య ఒకటి. బాత్‌రూమ్‌లో బకెట్ పక్కన ఇంకొకటి. ఆ మూడోదాన్ని తడపకుండా స్నానం చేయడం ఆవిడకు కత్తి మీద సాము. తీరా బయటికొచ్చాక ఆయన మొహం మాడ్చుకునేవారు.

"దాని మీద నీళ్లు పడలేదా?"

"లేదండీ, జాగ్రత్తగానే పోసుకున్నాను."

"అంత జాగ్రత్త నిన్నెవరు పడమన్నారు? మనుషుల్లా మామూలుగా పోసుకోలేవూ!"

ఒకసారి ఆవిడ చెల్లెలు చుట్టపు చూపుగా వచ్చింది. స్నానం చేసొచ్చి, "అక్కా, ఆ సంచిలో నలుగు పిండి భలే ఉందే! ఒళ్లు నున్నగా అయింది," అంది. అక్క తల పట్టుకుంది. బావగారు మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చారు.

"ఒళ్లేమైనా మండిందా అమ్మా? దురద?"

"లేదు బావగారూ."

"శుభం. మందు పాళ్లు సరిగ్గానే పడ్డాయన్నమాట!"

చెల్లెలు మళ్లీ ఆ ఇంట్లో స్నానం చేయలేదు.

ఇలా ఉండగా ఫ్యాక్టరీ యజమాని కొత్త మందు తెప్పించాడు. ల్యాబు పరీక్షలయ్యాయి, ఇక సంచుల మీద 'ఆరు నెలలు నిలవ' అని అచ్చు వేయడానికి కెమిస్టు సంతకం కావాలి. ఈయన పెట్టనన్నారు. యజమాని నేరుగా ఇంటికే వచ్చి కూర్చున్నాడు.

"మీరు పెట్టకపోతే వేరే కెమిస్టును చూసుకుంటానండీ. ల్యాబులో ఆరు నెలలూ చెక్కు చెదరలేదు కదా?"

 పెట్టేయండి అని భార్య తలుపు చాటు నుంచి సైగ చేసింది. ఆయన చూడలేదు.

"ల్యాబులో ఏసీ ఉంది. ఆవుల దగ్గర లేదు."

"అయితే మందు రెట్టింపు వేయండి!"

"వేస్తే బూజు పట్టదు. ఆ ఘాటుకు ఆవు మూతి కూడా పెట్టదు. ఇలా రండి."

ఆయన యజమానిని బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లి సంచి విప్పారు. కొత్త మందు కలిపిన దాణాయే, రెండు నెలలకే లోపలంతా పచ్చగా బూజు. యజమాని ముక్కు మూసుకున్నాడు.

"బాత్‌రూమ్‌లో దాణా ఎవరు పెట్టుకుంటారండీ!"

"మన వీధి చివర పాలావిడ. ఒక్క ఆవుతో నెట్టుకొస్తోంది. ఉన్నది ఒకటే గది, సంచికి మిగిలింది నీళ్లు పోసుకునే మూల. ఈ బూజు తిని ఆ ఆవు పడిపోతే ఆవిడ నోట్లో మట్టి కొట్టినట్టే. మెట్ల కింద సంచి మేకల తాతది, అటక మీదది గేదె ఉన్న టీకొట్టాయనది. వాళ్లు ఎక్కడ పెట్టుకుంటారో నేనూ అక్కడే పెట్టాను."

"ఇప్పుడేం చేయమంటారు?"

"చిన్న సంచులు చేయండి. బూజు పట్టేలోపే అయిపోతాయి. నెలలోపు వాడమని రాయండి, ఇప్పుడే సంతకం పెడతాను."

"ఆవు పడిపోతే సంచి మీద ఉండేది నా పేరేగా," అని గొణిగి, యజమాని సరేనని వెళ్లిపోయాడు.

ఆయన ఒక చిన్న సంచి నింపి తెచ్చి మళ్లీ బకెట్ పక్కన పెట్టారు. ఆవిడకు కళ్లు చెమర్చాయి, ఒళ్లూ మండింది.

"ఇదంతా వాళ్ల కోసమని ఇన్నేళ్లలో ఒక్క ముక్క చెప్పొచ్చు కదండీ! మిమ్మల్ని ఎన్ని తిట్లు తిట్టాను!"

"తిడితే తిట్టావు. చెబితే జాలిపడి దాన్ని తడి తగలకుండా తీసుకెళ్లి బీరువాలో పెట్టేస్తావు. పాలావిడకు బీరువా లేదు కదే."

ఆవిడ కాదనబోయి కిందికి చూసుకుంది. ఆ సంచి అప్పటికే ఆవిడ చంకలో ఉంది.