ఇసుక మీద ఏటవాలు గీతలు

దుబాయ్ పోయానని ఊళ్లో అందరూ అనుకున్నారు గానీ, నేను పోయింది అబుదాబి నుంచి అల్ ఐన్ వెళ్లే రోడ్డు పక్క ఎడారికి. డెబ్బైల చివర్లో అక్కడ ఇసుకలో అడవి పెంచుతున్నారు. గాఫ్ మొక్కలు నాటడం, పాదులు సరిచేసి నీళ్లు పెట్టడం మా పని. గాఫ్ అంటే మరేం కాదు, మన జమ్మిచెట్టే. జమ్మికి నీళ్లు పొయ్యడానికి విమానమెక్కి వచ్చానంటే మా ఆవిడ నవ్వుతుందని ఇంట్లో చెప్పనే లేదు.

నా పక్క మంచం అతనిది మా పక్క ఊరే. ఊళ్లో కంచె కోసం రాళ్లు ఎత్తుతుంటే చిన్న పింజర కరిచి వాళ్లన్న చనిపోయాడు. ఇక్కడికొచ్చిన వారానికే ఇతను మొక్క పాదులో అలాంటి పామునే చూశాడు. అది పింజరే. మన వైపు దానికంటే రంగు కాస్త పాలిపోయి ఇసుకలో కలిసిపోయింది, అంతే. ఆ రోజు నుంచి పాదులో చెయ్యి పెట్టనన్నాడు. ముదీర్, అంటే మా మేనేజరు, కొన్నాళ్లు చూసి, ఇలాగైతే ఖలాస్, ఇంటికి పంపేస్తానని హిందీలో తేల్చేశాడు. అన్న పోయాక ఆ ఇంటికి ఇతనొక్కడే దిక్కు.

మన వైపు పింజర రాళ్ల సందుల్లో ఉంటుంది. అందుకని అతను ఏం చేశాడంటే, గాలికి అడ్డంగా పాదుల చుట్టూ పెట్టిన రాళ్లన్నీ పారతో లాగి దూరంగా పారేశాడు. తెల్లారేసరికి సగం పాదులు ఇసుకతో పూడిపోయాయి. ముదీర్ తిట్లు అందరికీ సమానంగా పంచాడు. పామేమో రాళ్లలో లేనే లేదు. పొద మొదట్లో ఇసుకలో కూరుకుపోయి, కళ్లు మాత్రం పైకి పెట్టి హాయిగా పడుకుంది.

నాకు ఒళ్లు మండింది. "ఇది మన ఊరి పురుగు గాదు తమ్మీ. జాతి ఒక్కటే గని బుద్ధి వేరే" అన్నాను.

"అయితే దీని బుద్ధేందో చూడాలె అన్నా" అన్నాడు. ఊరికే అన్నాడనుకున్నాను.

మర్నాడు పొద్దున పొడవాటి కర్ర పట్టుకుని మాకంటే ముందు బయల్దేరాడు. నేనూ వెనకే పోయాను. భయపడ్డవాడి చూపు ఎలాగూ నేల మీదే ఉంటుంది. ఇసుక మీద ఒకదానికొకటి తగలకుండా ఏటవాలు గీతలు కనిపించాయి. పక్కకు పక్కకు జరుగుతూ పోయిన పాము జాడ అది. ఆ గీతల వెంటే పొద దాకా పోయి కర్రతో కదిపాడు. పాము చుట్టలు చుట్టుకుని ఒంటికి ఒళ్లు రాసుకుంటూ బరబరమంది. ఆ చప్పుడు మాత్రం అచ్చం మన ఊరిదే. అతని ముఖంలో నెత్తురు లేదు, కానీ వెనక్కి జరగలేదు. దాన్ని కర్రతోనే దూరంగా నెట్టేశాడు.

"మన దిక్కు గట్టి నేల అన్నా, ఎటు పోయిందో తెల్వది. ఈడ ఇసుక చెప్తది. మా అన్నకు చెప్పేటోళ్లు లేకపాయె" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పట్నుంచి రోజూ అతనే ముందు నడిచేవాడు. గీతలున్న పాదు దగ్గర గుడ్డపేలిక కట్టిన పుల్ల గుచ్చేవాడు. ముదీర్ మొదట సణిగాడు, తర్వాత ఖలాస్ మాట ఎత్తలేదు.

అయినా పాదులో చెయ్యి పెట్టడం మాత్రం ఇంకా అతని వల్ల కాలేదు. ఒక పొద్దున ఓ మొక్క చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. గాలి పరిచిన ఇసుక తప్ప గీత లేదు. కర్ర పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ పాదులో పెట్టి ఇసుక తోడటం మొదలుపెట్టాడు. నేను నిలబడి చూస్తూ ఉండిపోయాను.

"రా అన్నా" అన్నాడు తలెత్తకుండానే. "ఏం లేదు. నేను చూసిన."