ఊరికి చూపించడానికి పెంచిన ఒళ్లు

ఊబకాయం పెరిగిపోతోందని, దేశానికి ఇదో పెద్ద జబ్బై కూర్చుందని ఈమధ్య పేపర్లలో తెగ రాస్తున్నారు. కారణాలు కూడా వాళ్లే తేల్చేస్తారు. బద్ధకమట, నోరు కట్టుకోలేకపోవడమట. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. మా అమ్మ నలభై నిండకుండానే పోయింది. ఆవిడకి బద్ధకమూ లేదు, తిండి యావా లేదు. ఆవిడ ఒళ్లు మా నాన్న పెంచాడు, మా ఊరివాళ్ల కోసం.

డెబ్భైల చివర్లో మేం జంషెడ్‌పూర్‌లో, బాగ్‌బేరాలో ఒక్క గది అద్దెకి తీసుకుని ఉండేవాళ్లం. నాన్న గమ్హరియాలో ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కింద వెల్డింగ్ పని చేసేవాడు. ఠేకేదారు వద్దంటే మర్నాటికి పని లేనట్టే. శ్రీకాకుళం దగ్గర మా పల్లెలో మాత్రం పెద్ద కంపెనీలో పర్మనెంటు అని చెప్పుకున్నాడు. చూపించడానికి క్వార్టర్ లేదు, యూనిఫాం లేదు. ఉన్నది పెళ్లాం ఒళ్లు. ఏడాదికోసారి ఊరెళితే మా మేనత్త అమ్మ జబ్బ పిసికి చూసేది. "ఓలమ్మో, ఏటి తింతన్నావు వదినా? మా అన్న ఉద్యోగం నీ ఒంటి మీదే కనబడతంది!" అనేది. నాన్న మీసాల కింద నవ్వుకునేవాడు. పెళ్లాన్ని సంతలో గొడ్డుని చూసినట్టు చూస్తుంటే నవ్వుకోవడమేమిటి, సిగ్గులేని మనిషి!

పెట్టింది పోనీ గొప్ప తిండా? వనస్పతిలో వేయించిన బంగాళాదుంపలు, పూరీలు, అన్నం మీద అన్నం, పాకంలాంటి టీ. చవగ్గా ఒళ్లు పెంచేవన్నీ మా ఇంట్లో ఉండేవి.

ఎనభైల మొదట్లో, కుళాయి దగ్గర బిందె ఎత్తితే చాలు, అమ్మకి ఆయాసం వచ్చేసేది. కాసిడీహ్‌లో ఒక డాక్టరు చూసి బీపీ ఉందన్నాడు, షుగర్ మొదలైందన్నాడు. బరువు తగ్గకపోతే గుండెకి ముప్పని నాన్న మొహం మీదే చెప్పాడు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. పొద్దున్నే అమ్మని లేపి రైల్వే యార్డు పక్క రోడ్డు మీద నడిపించేదాన్ని. "పనీ పాటా లేకుండా ఎక్కడికమ్మా ఈ షికారు?" అని వీధిలో ఆడవాళ్లు ఎగతాళి చేసేవారు. వాళ్ల నోళ్లు పడిపోను! చలికాలం వెళ్లేసరికి అమ్మ తేలికపడింది. ఒకరోజు గొంతుక్కూర్చుని బట్టలు ఉతికింది. "సూడే, మోకాళ్లు వంగుతన్నాయి," అని చిన్నపిల్లలా నవ్వింది. నాకు ఏడుపొచ్చేసింది.

సరిగ్గా అప్పుడే ఊరి నుంచి బాబాయి పెళ్లి కబురొచ్చింది. నాన్న అమ్మని ఎగాదిగా చూశాడు.

"ఇలా సిక్కిపోయి ఊరెల్తే ఏటనుకుంటారు? నా పని పోనాదనుకోరా? తమ్ముడికి పిల్లనిచ్చినోళ్ల ముందర నా పరువేటి కావాల?"

"డాక్టర్ నే మనా కియా హై నా!" అని, డాక్టరు వద్దన్నాడు కదా అని అరిచాను. కోపమొస్తే నాకు హిందీయే వచ్చేది.

"ఊరుకోయే గుంటా! నీకేటి తెల్సు?"

ఆ రోజు నుంచి మా నడక బంద్. పొద్దున హల్వా, సాయంత్రం పూరీలు, నాన్న దగ్గర కూర్చుని మరీ తినిపించాడు. నేను కంచం లాగేసుకుంటే మళ్లీ వడ్డించాడు. అమ్మ నా మొహం చూడకుండా తల వంచుకుని తినేసేది. మొత్తానికి పెళ్లిలో నాన్న నెగ్గాడు. అమ్మ బుగ్గలు చూసి పెళ్లివారు ఆయనకి మర్యాదల మీద మర్యాదలు చేశారు. తిరిగొచ్చాక టాటానగర్ స్టేషన్ వంతెన మెట్ల మీద అమ్మ సగంలో కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. అట్నుంచి అటే రిక్షాలో ఆ కాసిడీహ్ డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాం.

ఆయన అమ్మ బరువు చూసి మండిపడ్డాడు. ఇన్నాళ్లూ తగ్గింది ఎలా పెరిగింది, చచ్చిపోదామనుకున్నావా అని హిందీలో కసిరాడు.

"హమ్ హీ ఖాయా, డాక్టర్ బాబూ," అంది అమ్మ వచ్చీరాని హిందీలో, తనే తిన్నానని తప్పంతా తన నెత్తిన వేసుకుని. నాన్న పక్కనే నిలబడి తన చెప్పులు చూసుకుంటున్నాడు.

ఇక నావల్ల కాలేదు. "ఝూఠ్ బోల్ రహీ హై! ఇసీ ఆద్మీ నే ఖిలాయా!" అని, అమ్మ చెప్పేది అబద్ధమని, ఈ మనిషే తినిపించాడని నాన్న మీదికి వేలు చూపించాను. ఆయన కోసిన పర్మనెంటు కోతలు, ఆ కోతలకి సాక్ష్యంగా అమ్మ ఒళ్లు పెంచడం, అంతా బెంచీల మీద కూర్చున్న రోగులందరూ వినేలా కక్కేశాను. ఆ క్షణంలో నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అమ్మ లేచి నా చెంప ఛెళ్లుమనిపించింది. అంతవరకు నా మీద చెయ్యెత్తి ఎరగదు.

"ఊరోళ్ల ముందర మీ నాన్న తల దించుకోకూడదనే కదే నానంత తిన్నాను," అంది రొప్పుతూ. "నువ్విక్కడ దించేత్తావా?"

నాన్న రిక్షా పిలవడానికి వెళ్లిపోయాడు. అమ్మ గుమ్మం దాకా వచ్చి ఆగింది. గుమ్మం ముందు మెట్లు ఒక్కతే దిగలేకపోయింది. నన్ను కొట్టిన చెయ్యే నా భుజం మీద వేసి, బరువంతా నా మీద మోపి, ఒక్కో మెట్టే దిగింది.