ఇత్తడి రేకు మీది పేరు

“అందులో ఇంకొక్కరికే చోటుంది. అది నాది. ఎన్నిసార్లు చెప్పించుకుంటావే?”

“బతికినన్నాళ్లూ డీలియాతో నీకు ఒక్క పూట పడలేదు. చచ్చాక పోయి ఆవిడ మీద పడుకుంటావా?”

“మా అమ్మా నాన్నా ఉన్నారక్కడ. ఆ ఇంటి కొడుకుని నేను.”

“నేను డీలియా కూతుర్ని, టైగ్.”

“కాగితంలో నువ్వు నా చెల్లెలివి. అలాగే పో.”

చర్చి వెనక గోడ మీద ముళ్లతీగ నరుకుతున్న కార్మక్ చేతిలో కత్తి ఆగింది. గోడకవతల టాన్సీల సమాధి దగ్గర ఇద్దరు ముసలివాళ్లు తుంపర్లో తడుస్తూ, చేతికర్రలకి ఆనుకుని నిలబడి ఉన్నారు. టైగ్‌కి ఎనభై దాటాయి. ఊనాకి ఎనభై దగ్గరపడుతున్నాయి. కొట్లాటకి మూలం తన పారేనని కార్మక్‌కి తెలుసు. అందుకే గోడ దాటి వెళ్లి సర్దిచెప్పే మొహం లేకపోయింది.

స్లైగో కొండల కింద ఆ నాలుగు పల్లెల్లో ఎవరు ఎవరికేమవుతారో ఊనా టాన్సీని అడగాల్సిందే. పాల కేంద్రంలో డబ్బాలు కడుగుతూ బతికిన మనిషి. వేసవి వస్తే చాలు, బోస్టన్ నుంచీ లివర్‌పూల్ నుంచీ, ఊరొదిలి వలసపోయినవాళ్ల మనవలూ మునిమనవలూ ఆమె వంటింట్లో వచ్చి పడేవాళ్లు. సోడా రొట్టె తినిపించి, పాదిరిగారింటికి తీసుకెళ్లి, పాత బాప్తిస్మం పుస్తకాలు తిరగేయించేది. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, అలా పట్టుకుంటూ పొమ్మని నేర్పేది. ఒకే తల్లికి ఒకే పేరుతో ఇద్దరు పిల్లలు కనిపిస్తే, దొరికిందని సంబరపడొద్దనేది. పై పిల్ల పోయిందన్నమాట, ఆ పేరు కిందిపిల్లకి తొడిగారన్నమాట.

దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

టాన్సీల పెద్దకూతురు డీలియా పోయినప్పుడు గుంత తవ్వింది కార్మక్, ఇంకో ముగ్గురు ఇరుగుపొరుగువాళ్లు. అక్కడ కూలికి తవ్వించరు, పొరుగువాడే తవ్వాలి. టాన్సీల సమాధిలో తల్లిదండ్రులు ఒక పక్క ఒకరి మీద ఒకరున్నారు. రెండో పక్క ఖాళీ అనుకున్నారు. అడుగుకి వచ్చేసరికి కార్మక్ పారకి ఏదో తగిలింది. అరచేతంత ఇత్తడి రేకు. చుట్టూ నల్లగా మెత్తబడ్డ చెక్కముక్కలు. రేకుని లాగుకి తుడిచి చూస్తే మేకుతో పొడిచిన అక్షరాలున్నాయి. ఊనా టాన్సీ, ఆరు వారాలు.

అప్పుడే తవ్వేవాళ్లకి టీ కెటిల్ పట్టుకుని ఊనా వచ్చింది. కార్మక్ ఆలోచించకుండా రేకు చేతికిచ్చేశాడు. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. ఆ చెక్కల్ని కదపొద్దని మాత్రం చెప్పి, అందరికీ టీ పోసింది. చక్కెర ఎవరికెంతో ఎప్పట్లాగే గుర్తుపెట్టుకుని మరీ వేసింది.

తర్వాత పుస్తకాలు వెతికింది. బాప్తిస్మంలో ఊనా టాన్సీ ఒక్కతే ఉంది. చావుల పుస్తకంలో లేదు. పసిగుడ్డు పోయిందని రాయించడానికి ఆ రోజుల్లో పట్నందాకా ఎవరు నడిచారు? చివరికి కొండవతల ఆ రోజులెరిగిన వినీ ముసలమ్మ దగ్గరికి పోయింది. ఆమె దాచలేదు. డీలియా తల్లికి పుట్టిన చంటిపిల్ల పోయిన ఏడాదికి, పంతొమ్మిదేళ్ల డీలియా సముద్రపొడ్డున బుండోరన్‌లో హోటల్ పనికని వెళ్లి, వసంతంలో చేతిలో బిడ్డతో తిరిగొచ్చింది. చచ్చిన పిల్ల ఉయ్యాలా, పేరూ, పుట్టినరోజూ అన్నీ ఆ బిడ్డకి తొడిగారు. అప్పటి పాదిరి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

“ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?” అంది ఊనా.

“మా అందరి వంశాలూ నువ్వే చెప్తుంటివి కదే. నీది నీకు తెలీదని ఎవరనుకుంటారు?” అంది వినీ.

ఊనా ఒక మాట ఎవరికీ చెప్పుకోలేదు, కార్మక్‌కి తప్ప. జబ్బుతో మంచాన పడ్డాక డీలియా సాయంత్రం కాగానే, కాసేపు పక్కన కూర్చోమని వెంటపడేది. ఒకరోజు ఊనాకి విసుగొచ్చింది. “నేనేమైనా నీ తల్లినా, పక్కన కూర్చుని జోకొట్టడానికి?” అంది. డీలియా గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ అడగలేదు. వారానికి పోయింది.

అప్పట్నుంచీ ఊనాకి ఒకటే పట్టుదల. డెబ్భై ఏళ్లకి పైగా ఒకే కప్పుకింద అక్కా అని పిలిచిన మనిషి పక్కకి ఒక్కసారైనా కూతురిగా చేరాలి. టైగ్ ఒప్పుకోడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందనేది అతని బాధ. తల్లి పేరు, ఇంటి పేరు చెడతాయి. కొత్త పాదిరిగారు ఇద్దరి మాటా ఓపిగ్గానే విన్నారు. సమాధి హక్కు టైగ్ పేరునుంది, నేనేం చెయ్యనన్నారు.

గోడ దగ్గర ఆ కొట్లాటయ్యాక వచ్చిన ఆదివారం, కార్మక్ పెరట్లో పొయ్యిలో మండించడానికి ఎండబెట్టిన బురదనేల గడ్డలు పేరుస్తుంటే ఊనా వచ్చింది. వచ్చే వేసవి చూడదని డాక్టరు చెప్పేశాడట. వాతావరణం చెప్పినంత తేలిగ్గా చెప్పింది. తర్వాత, తను పోయాక కాల్పించమంది. కార్మక్ చేయి దానంతటదే గుండెల మీద శిలువ గీసింది. వాళ్ల పల్లెలో ఇంతవరకు ఎవర్నీ కాల్చలేదు.

“అదేం మాట పెద్దమ్మా. పాదిరిగారేమంటారు?”

“ఆయనకి కాగితంలో ఉన్నదే లెక్క. నాకసలు బాప్తిస్మం అయిందో లేదో ఏ పుస్తకంలోనూ లేదు, మన్నులో పడుకోబెట్టకపోతే ఏం పోతుంది? డబ్లిన్ తీసుకెళ్లి కాల్పించు. బూడిదకి టైగ్ చోటు అక్కర్లేదు. చిన్న పెట్టె చెయ్యి, ఆరు వారాల పిల్లకి సరిపోయేంత. వాడు పోయేదాకా నీ కొట్టంలో ఉంచు. వాడి గుంత తవ్వేదీ నువ్వేగా.”

ఆమె కోటు జేబులోంచి ఇత్తడి రేకు తీసి, మట్టి అంటిన కార్మక్ చేతిలో పెట్టింది.

“డీలియా పక్కన నన్ను పెట్టి మన్ను కప్పు. తర్వాతే వాణ్ణి దించు. ఇది కిందున్న ఆ పిల్లది, దాని దగ్గరికి చేర్చు. నా పెట్టె మీద ఏ పేరూ రాయకు, నాయనా.”